కోర్టు ఉత్తర్వు ఉంటే మన సందేశాలు చదివే వీలు ప్రభుత్వానికి ఉండాలా?

దర్యాప్తుదారు

నేర పరిశోధనలో చాలాకాలం పనిచేసినవాణ్ని కాబట్టి నా మొగ్గు ఎటువైపో ముందే చెప్పి చర్చ మొదలుపెడుతున్నాను. న్యాయమూర్తి సంతకం ఉన్న వారెంటు చేతికొస్తే పోలీసులు ఇల్లు సోదా చేయవచ్చు, బీరువా తెరిపించవచ్చు, బ్యాంకు లావాదేవీలు తెప్పించుకోవచ్చు, అవసరమైతే టెలిఫోను సంభాషణలు కూడా వినవచ్చు. ఇవి ప్రజాస్వామ్య దేశాలు ఎప్పటినుంచో ఒప్పుకున్న అధికారాలే. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ తన వినియోగదారులందరికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని పద్ధతి, అమలు చేసింది, ఆ తర్వాత మరికొన్ని సంస్థలూ అదే బాట పట్టాయి. ఇప్పుడు అదే న్యాయమూర్తి, అదే చట్టం కింద, అంతే తీవ్రమైన కేసులో ఉత్తర్వు ఇచ్చినా సంస్థ నుంచి వచ్చే జవాబు ఒక్కటే: ఆ సందేశాలను మేమే చదవలేము, మీకేం ఇవ్వగలం?

కోర్టు చేయి చేరని చోటు సమాజంలో ఒకటి ఉండాలా వద్దా అన్నది చాలా పెద్ద నిర్ణయం. దాన్ని చట్టసభలు కూర్చుని చర్చించి తీసుకోలేదు, కొన్ని ప్రైవేటు సంస్థలు తీసుకున్నాయి. బాధితుల పక్షాన నిలబడి అడుగుతున్నాను. సాక్ష్యం ఉందని తెలిసి, అది ఎక్కడుందో తెలిసి, చూడడానికి కోర్టు అనుమతి కూడా ఉండి, చూడలేకపోవడం న్యాయమేనా?

తీగలపని

దర్యాప్తుదారు గారూ, నిర్ణయం ఎవరు తీసుకోవాలన్న మీ ప్రశ్నను తేలికగా కొట్టిపారేయలేం. అయితే కోర్టు అడుగుతున్నదేమిటో, సంస్థ దగ్గర ఉన్నదేమిటో ముందు స్పష్టం చేసుకోకపోతే చర్చ గాలిలో నడుస్తుంది. నేను నెట్‌వర్కుల పనిలో ఉన్నవాణ్ని కాబట్టి ఆ భాగం చెబుతాను.

ఈ పద్ధతిలో మాట్లాడుకునే రెండు ఫోన్లూ తమంతట తామే ఒక రహస్య సంఖ్యను తయారుచేసుకుంటాయి. ఆ సంఖ్య దారిలో ప్రయాణించదు, సంస్థ సర్వర్లలో నిలవ ఉండదు. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ప్రచురించిన గణిత పద్ధతి దీనికి మూలం. కాబట్టి సంస్థ ఉత్తర్వును ధిక్కరించడం వేరు, ఇవ్వడానికి దాని చేతిలో ఏమీ లేకపోవడం వేరు. మీరు కోరినది జరగాలంటే ఏ నేరమూ జరగకముందే, ఎవరి మీదా అనుమానం లేకముందే, వందల కోట్ల ఫోన్లలో ఒక దొడ్డిదారి పెట్టి ఉంచాలి. వారెంటు ఒక్క మనిషి పేరు మీద వస్తుంది, దొడ్డిదారి మాత్రం అందరి ఫోన్లలోనూ ఉంటుంది.

ఆ దారిని కోర్టు అనుమతి ఉన్నవారే వాడతారన్న హామీ ఎంత గట్టిదో గ్రీసులో జరిగినది చూస్తే తెలుస్తుంది. అక్కడ ఒక పెద్ద మొబైల్ సంస్థ వాడిన ఎరిక్సన్ ఎక్స్ఛేంజీలలో, చట్టబద్ధంగా ఫోన్లు వినడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ భాగం ముందే ఉంది. ఎవరో చొరబడి, తమ సొంత ప్రోగ్రాము ఎక్కించి, ఆ భాగాన్ని గుట్టుగా పనిచేయించారు. ప్రధానమంత్రి కోస్టాస్ కరమన్లిస్‌తో పాటు మంత్రులు, ఉన్నతాధికారులు కలిపి వందకు పైగా ఫోన్ల సంభాషణలకు నకళ్లు గుర్తు తెలియని ప్రీపెయిడ్ ఫోన్లకు చేరాయి. ఇది 2004లో మొదలై 2005 మార్చి వరకు సాగింది. 2005 జనవరిలో కొన్ని ఎస్సెమ్మెస్‌లు చేరవలసిన చోటికి చేరకపోవడంతో సాంకేతిక నిపుణులు కారణం వెతికారు, అప్పుడుగానీ బయటపడలేదు. ఆ చొరబాటుదారుల ప్రోగ్రాము సందేశాల బట్వాడాకు అడ్డు తగలకపోయి ఉంటే ఇంకెంత కాలం సాగేదో ఊహించండి. అక్కడ వినే సౌకర్యాన్ని చొరబాటుదారులు తయారుచేసుకోలేదు. చట్టం కోసం పెట్టిన సౌకర్యాన్నే వాళ్లు వాడుకున్నారు.

ఇది పాత కథ అనుకోనక్కరలేదు. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం టెలికాం సంస్థలు నిఘాకు వీలుండే ఏర్పాట్లు పెట్టాయి. సాల్ట్ టైఫూన్ అని పిలుస్తున్న చొరబాటుదారుల బృందం ఆ ఏర్పాట్లదాకా చేరిందని 2024లో బయటపడింది. ఆ తర్వాత అక్కడి సైబర్ భద్రతా సంస్థ, ఎఫ్‌బీఐ అధికారులు ఎన్‌క్రిప్షన్ ఉన్న సందేశ సేవలు వాడుకోమని ప్రజలకు సలహా ఇచ్చారు.

వకాల్తా

చట్టం వైపు నుంచి ఒక మాట. గోప్యత ఎన్నటికీ తిరుగులేని హక్కని ఏ పెద్ద న్యాయస్థానమూ అనలేదు. భారత సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు కూడా దానికి పరిమితులుంటాయని చెప్పింది. ఆ పరిమితికి చట్టం అండ ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి ఎంత అవసరమో అంతకు మించకూడదు.

ఈ చర్చ అంతా మూడో షరతు దగ్గరే తిరుగుతోంది. టెలిగ్రామ్ సందేశాలను విప్పి ఇవ్వాలన్న రష్యా చట్టంపై యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం 2024 ఫిబ్రవరిలో తీర్పు చెబుతూ సరిగ్గా ఇక్కడే నిలబడింది. కొందరి సందేశాల కోసం అందరి ఎన్‌క్రిప్షన్‌నూ బలహీనపరచవలసి వస్తే, అది ప్రజాస్వామ్య సమాజంలో అవసరానికి మించిన చర్య అవుతుందని తేల్చింది. తీగలపని గారు సాంకేతికంగా చెప్పిన తేడాను అక్కడి న్యాయమూర్తులు హక్కుల భాషలో చెప్పారు.

పోలీసుల చేతులు పూర్తిగా కట్టేసినట్టు మాట్లాడడం కూడా సరికాదు. 2015 డిసెంబరులో శాన్ బెర్నార్డినోలో 14 మందిని చంపిన కేసులో, నిందితుడి ఐఫోన్ తెరవడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ రాసి ఇవ్వమని ఎఫ్‌బీఐ ఆపిల్ మీద కోర్టు ఉత్తర్వు తెచ్చింది. మరో దారే లేదని వాదించింది. 2016 మార్చిలో బయటి సంస్థ సాయంతో ఫోన్ తెరిచి ఆ పట్టు వదులుకుంది. ఎఫ్‌బీఐలోని విభాగాలు ఒకదానితో ఒకటి సరిగా సంప్రదించుకోకుండానే, అన్ని దారులూ వెతకకుండానే కోర్టుకు వెళ్లాయని 2018లో అక్కడి న్యాయశాఖ అంతర్గత తనిఖీ అధికారి (ఇన్‌స్పెక్టర్ జనరల్) నివేదిక చెప్పింది. ఎన్‌క్రోచాట్ సంగతీ తెలిసిందే. నేరగాళ్లు ఇష్టపడి వాడిన ఆ ఎన్‌క్రిప్షన్ ఫోన్ల వ్యవస్థలోకి 2020లో ఫ్రెంచి పోలీసులు చొరబడ్డారు. దాని ఆధారంగా 2023 నాటికి ప్రపంచవ్యాప్తంగా 6,500 మందికి పైగా అరెస్టయ్యారని యూరప్ దేశాల పోలీసు సహకార సంస్థ యూరోపోల్ ప్రకటించింది.

దర్యాప్తుదారు

వకాల్తా గారు చెప్పిన ఉదాహరణలు నిజమే, కానీ అవన్నీ ఎవరి చేతిలో ఉన్న పనులో గమనించండి. ఎన్‌క్రోచాట్‌లోకి దిగింది ఒక జాతీయ స్థాయి దర్యాప్తు సంస్థ, ఐఫోన్ తెరిపించింది ఎఫ్‌బీఐ. తప్పిపోయిన పిల్లను వెతుకుతున్న మామూలు పోలీసుస్టేషను అధికారికి ఆ నిపుణులూ లేరు, ఆ డబ్బూ లేదు. పెద్ద కేసుకే సాక్ష్యం దొరికి చిన్నవాళ్ల కేసు మూలపడితే దాన్ని న్యాయమంటారా?

మరో సంగతి కూడా ఆలోచించండి. ముందు తలుపు మూసేస్తే ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు, గూఢచర్య సాఫ్ట్‌వేర్ అమ్మే సంస్థల దగ్గరికి వెళ్లాయి. అలాంటి సాఫ్ట్‌వేరే అయిన పెగాసస్ ఆనవాళ్లు ఎంతోమంది పాత్రికేయుల, హక్కుల కార్యకర్తల ఫోన్లలో దొరికాయి. కోర్టు కళ్ల ముందు నడిచే పద్ధతి ఒకటి ఉండి ఉంటే ఆ చీకటి వ్యాపారానికి ఇంత గిరాకీ ఉండేదా?

తీగలపని

ఆ ముందు తలుపు ఉన్న రోజుల్లో కూడా పాత్రికేయుల ఫోన్లు విన్న ప్రభుత్వాలున్నాయండీ. అది కోరుకునేవారికి కావలసింది కోర్టు చూడకపోవడమే, కాబట్టి ఉన్న తలుపును కాదని వాళ్లు వేరే దారి వెతుక్కుంటారు. స్టేషను స్థాయిలో నిపుణులు లేరన్న మీ మాట మాత్రం అక్షరాలా ఒప్పుకుంటాను. ప్రభుత్వాలు ఖర్చు పెట్టవలసింది అక్కడే.

బాలరక్ష

ఇంతవరకూ చర్చ ప్రభుత్వం, పౌరుడు అన్న ఇద్దరి మధ్యే సాగింది, మూడోవారి గురించి నేను చెప్పాలి. పిల్లలపై లైంగిక హింస దృశ్యాల విషయంలో అమెరికాలోని బాలల రక్షణ కేంద్రానికి 2023లో ప్రపంచం నలుమూలల నుంచి 3 కోట్ల 60 లక్షలకు పైగా నివేదికలు అందాయి. వాటిలో అత్యధికం ఇంటర్నెట్ సంస్థలు తమ సేవల్లో కనిపెట్టి పంపినవే. సంస్థ చూడగలిగింది కాబట్టి కనిపెట్టింది. 2023 డిసెంబరులో ఫేస్‌బుక్ మెసెంజర్ కూడా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌ను అందరికీ వర్తింపజేయడం మొదలుపెట్టింది. చూడలేని సంస్థ ఏం నివేదిస్తుంది? ఆ నేరం ఆగిపోదు, మన కంటికి కనిపించడం ఆగిపోతుంది.

ఈ పిల్లలు ఏ వేదిక మీదా తమ గోప్యత గురించి వాదించుకోలేరు. తన మీద జరిగిన అఘాయిత్యం దృశ్యం ఇంకా చేతులు మారుతూనే ఉందని తెలిసి పెరిగే పిల్లకు కూడా గోప్యత హక్కు ఉంది. ఆ హక్కును ఇక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. సందేశం ఫోన్ నుంచి బయలుదేరకముందే, ఇప్పటికే గుర్తించిన దృశ్యాల జాబితాతో ఫోన్‌లోనే పోల్చిచూసే పద్ధతికి మీ అభ్యంతరమేమిటో చెప్పండి. అందులో ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ పగలగొట్టడం లేదు కదా.

తీగలపని

బాలరక్ష గారూ, మీరు చెప్పిన పద్ధతినే ఆపిల్ 2021 ఆగస్టులో ప్రకటించింది. ఆ కొద్ది రోజుల్లోనే పరిశోధకులు ఆ పోలిక సాఫ్ట్‌వేర్‌ను విప్పిచూసి, సంబంధమే లేని రెండు బొమ్మలకు ఒకే డిజిటల్ ముద్ర (బొమ్మను గుర్తుపట్టడానికి వాడే సంఖ్య) వచ్చేలా చేసి చూపించారు. 2022 డిసెంబరులో ఆపిల్ ఆ ఆలోచన విరమించుకుంది.

ముద్రల పొరపాట్లను కాలక్రమంలో సరిదిద్దుకోవచ్చు. నాకు అంతకన్నా ఎక్కువ భయం జాబితా విషయంలోనే. ఫోన్‌లో ఉన్న ప్రోగ్రాముకు అది పిల్లల దృశ్యాల జాబితానో, ఒక ప్రభుత్వానికి నచ్చని కార్టూన్ల జాబితానో తెలియదు. ఇచ్చిన జాబితాతో పోల్చడమే దానికి తెలుసు. ఈ సౌకర్యం ఒకసారి అన్ని ఫోన్లలోకీ ఎక్కాక, ప్రతి దేశమూ తన చట్టం చూపించి తన జాబితా చేర్చమంటే కాదనడానికి సంస్థకు సాంకేతిక కారణమేదీ మిగలదు.

నిశిత

పొరపాట్లు సరిదిద్దుకోవచ్చన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పొరపాటు పడ్డ మనిషికి ఏమవుతుందో చూడాలి.

2021లో అమెరికాలో ఒక తండ్రి, తన పసివాడి మర్మాంగానికి వాపు వస్తే, వైద్యులకు చూపించడానికి ఫోన్‌తో ఫోటో తీశాడు. నేరుగా వెళ్లి చూపించుకునే వీలులేని కోవిడ్ కాలం అది, ఫోటో పంపమని అడిగింది ఆస్పత్రివాళ్లే. ఫోటో తనంతట తానే ఆయన గూగుల్ ఖాతాలో భద్రమైంది. అక్కడి యాంత్రిక తనిఖీ దాన్ని బాలలపై హింసగా గుర్తించింది, ఖాతా మూతపడింది, పోలీసులకు కబురు వెళ్లింది. ఆయన ఈమెయిలు, పరిచయస్తుల నంబర్లు, కొడుకు పుట్టినప్పటినుంచి తీసిన ఫోటోలు పోయాయి, ఫోన్ నంబరు కూడా ఆ సంస్థదే కావడంతో అదీ పోయింది. పోలీసులు ఆయన వెతుకులాటల చరిత్ర, ఫోటోలు, సందేశాలు అన్నీ తెప్పించుకుని చూసి ఇక్కడ నేరమేమీ లేదని తేల్చారు. ఆ విషయం ఆయనకు చెబుదామంటే ఫోన్, ఈమెయిలు పనిచేయక అధికారి ఉత్తరం రాయవలసి వచ్చింది. పోలీసులే నిర్దోషి అన్నా సంస్థ ఖాతా తిరిగి ఇవ్వలేదు. 2022లో పత్రికలో వచ్చాకే ఇది లోకానికి తెలిసింది.

దాచుకోవడానికి ఏమీ లేనివారికి భయమెందుకని చాలామంది అడుగుతారు. ఆ తండ్రి దాచుకున్నదేమీ లేదు. వైద్యుడికి చూపించవలసినది వైద్యుడికే చూపించాడు. కోర్టులో నిందితుడికి తన మీద మోపిన నేరమేమిటో తెలుసుకునే హక్కు ఉంది, వకీలు ఉంటాడు, అప్పీలు ఉంటుంది. ఇక్కడ అవేవీ లేకుండానే శిక్ష అమలైపోయింది. ఇదే తనిఖీని చట్టం ద్వారా ప్రతి ఫోన్‌లోకీ తెస్తే, తప్పు జరిగినప్పుడు నేను ఎవరి తలుపు తట్టాలి? ప్రభుత్వం సంస్థను చూపిస్తుంది, సంస్థ చట్టాన్ని చూపిస్తుంది.

బాలరక్ష

నిశిత గారూ, ఆ తండ్రికి జరిగింది అన్యాయమే. కానీ ఆ అన్యాయానికి మందు అప్పీలు పద్ధతి పెట్టడం, మనిషి చేత పునఃపరిశీలన చేయించడం, నిర్దోషి అని తేలాక ఖాతా తిరిగి ఇచ్చి తీరాలని చట్టంలో రాయడం. తనిఖీయే వద్దంటే, ఆ తనిఖీ వల్ల బయటపడి, హింసించేవాడి ఇంట్లోంచి తప్పించుకున్న పిల్లల మాటేమిటి? వాళ్ల కథలు పత్రికల్లో రావు, రాకూడదు కూడా. కనిపించే బాధితుడు ఒకవైపు, కనిపించని బాధితులు ఒకవైపు ఉన్నప్పుడు మన జాలి కనిపించేవాడి వైపే మొగ్గుతుందేమో ఆలోచించమని కోరుతున్నాను.

ఆసరా

గృహహింస నుంచి బయటపడాలనుకునే స్త్రీలకు సలహాలిచ్చే పని నాది. బాలరక్ష గారి ఆవేదన నాకు పరాయిది కాదు. అయినా నేను అటువైపు ఎందుకు రాలేనో చెబుతాను.

మా దగ్గరకు వచ్చేవారి మొదటి ప్రశ్న, నేను మీకు రాస్తున్నది ఆయన చూడగలడా అని. ఆ ఆయన పోలీసుశాఖలోనో, టెలికాం సంస్థలోనో, మరో ప్రభుత్వ కార్యాలయంలోనో పనిచేసేవాడైతే ఆ ప్రశ్నకు నేనిచ్చే జవాబు మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఆ సౌకర్యం ప్రభుత్వానికి మాత్రమే అని మనం తేలికగా అంటాం. ప్రభుత్వమంటే చివరికి కుర్చీలో కూర్చున్న మనుషులే. అమెరికా జాతీయ భద్రతా సంస్థ (ఎన్‌ఎస్‌ఏ)లో సిబ్బంది నిఘా అధికారాన్ని కావాలని దుర్వినియోగం చేసిన 12 ఉదంతాలను ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరలే 2013లో లిఖితపూర్వకంగా వెల్లడించారు. వాటిలో భార్యల, ప్రియురాళ్ల ఫోన్లను ఆరాతీసినవి ఉన్నాయి. అంత కట్టుదిట్టమైన సంస్థలోనే కంచె చేను మేసింది. ఆ 12 కూడా పట్టుబడినవి మాత్రమే.

నేను ఆ స్త్రీలకు ఈ రోజు ధైర్యంగా చెప్పగలుగుతున్న మాట ఒక్కటే, ఈ దారిలో మీరు రాసినది మీ ఫోనో మా ఫోనో చేతికి చిక్కితేనో, వాటిలోకి గూఢచర్య సాఫ్ట్‌వేర్ చొరబడితేనో తప్ప మరెవరికీ కనబడదని. దయచేసి ఆ మాటను నా నోటినుంచి తీసేయకండి.

వకాల్తా

ఆసరా గారి మాటకు ఒక హెచ్చరిక చేర్చాలి. రాసినది కనబడదు సరే, ఎవరికి రాశారో, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎక్కడినుంచి రాశారో చాలా సేవల్లో నమోదవుతూనే ఉంటుంది. దీన్నే మెటాడేటా అంటారు. మెటాడేటా ఆధారంగా మనుషులను చంపుతాం అని ఎన్‌ఎస్‌ఏ, సీఐఏలకు అధిపతిగా పనిచేసిన మైఖేల్ హేడెన్ 2014లో బహిరంగంగా అన్నారు. ఆ సమాచారం అంత పదునైనది. ఒక స్త్రీ సహాయ కేంద్రానికి రోజూ అర్ధరాత్రి ఫోన్ చేస్తోందని తెలిస్తే, ఆమె ఏం మాట్లాడిందో వినవలసిన అవసరమేముంది?

విచిత్రమేమిటంటే, సందేశం లోపలి మాటకు కోర్టు వారెంటు అడిగే చట్టాలు చాలా దేశాల్లో ఈ పైపై సమాచారానికి అంత కాపలా పెట్టలేదు. అందరి కాల్ వివరాలనూ గంపగుత్తగా పోగుచేయడం వల్ల దక్కింది పెద్దగా లేదన్న సంగతి కూడా రికార్డులో ఉంది. ఎన్‌ఎస్‌ఏ కాంట్రాక్టు ఉద్యోగిగా పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ వెల్లడించిన ఆ కార్యక్రమాన్ని పరిశీలించిన అమెరికా గోప్యతా పర్యవేక్షక మండలి, ఉగ్రవాద దర్యాప్తు ఫలితాన్ని అది నికరంగా మార్చిన ఉదంతం ఒక్కటి కూడా కనబడలేదని 2014 జనవరిలో రాసింది. మరోవైపు సిగ్నల్ అనే సందేశ సేవా సంస్థకు 2016లో ఒక వినియోగదారు వివరాలు ఇవ్వమని కోర్టు తాఖీదు వస్తే, అది ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సేవను వాడిన రోజు తప్ప మరేమీ ఇవ్వలేకపోయింది, ఎందుకంటే మిగతావి అది పోగుచేయనే లేదు. పౌరుడికి నిజమైన రక్షణ అదే. పోగుచేయని సమాచారాన్ని ఏ ప్రభుత్వమూ అడగలేదు, ఏ దొంగా ఎత్తుకుపోలేడు.

దర్యాప్తుదారు

అందరి వాదనలూ శ్రద్ధగా చదివాను. అందరి ఫోన్లలో ఒక దారి పెట్టి ఉంచాలన్న కోరికను పక్కన పెడుతున్నాను. గ్రీసు ఉదంతం, ఆసరా గారి మాట చదివాక దాన్ని సమర్థించలేను. అయితే దాని బదులు ఏమి ఇస్తారన్న ప్రశ్న మిగిలే ఉంది. చట్టబద్ధంగా స్వాధీనం చేసుకున్న ఒక నిర్దిష్ట వ్యక్తి ఫోన్ నా బల్ల మీద ఉంది, కోర్టు అనుమతి ఉంది, పాస్‌వర్డు అతనికి తెలుసు. చెప్పమని కోర్టు ఆదేశించవచ్చా? ఇందులో మరెవరి భద్రతకూ నష్టం లేదు.

వకాల్తా

ఇది మంచి ప్రశ్న, ఇక్కడ దేశాలు చీలిపోయాయి. బ్రిటన్ చట్టం ప్రకారం, నోటీసు అందుకుని కూడా పాస్‌వర్డు చెప్పనివారికి రెండేళ్ల వరకు, జాతీయ భద్రత లేదా పిల్లలపై అసభ్య నేరాల కేసుల్లో ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అమెరికా కోర్టులు, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కరలేదన్న హక్కును దీనికి ఎంతవరకు వర్తింపజేయాలో తేల్చుకోలేక ఒక్కో రాష్ట్రంలో ఒక్కో మాట చెప్పాయి. నా అభిప్రాయం, మెదడులో ఉన్న మాటను జైలు భయంతో బయటికి లాగే అధికారం ప్రభుత్వానికి ఇవ్వకూడదు. నిజంగా మరచిపోయినవాడికీ, దాస్తున్నవాడికీ తేడా ఏ న్యాయమూర్తి చెప్పగలరు?

నిశిత

వకాల్తా గారితో ఇక్కడ నేను విభేదిస్తున్నాను. నిర్దిష్ట వ్యక్తి, నిర్దిష్ట నేరం, ముందుగా కోర్టు అనుమతి అనే మూడూ ఉన్నప్పుడు ఆదేశించవచ్చనే నా అభిప్రాయం. కాకపోతే ఫోన్ తెరిచాక ఏం చూస్తారన్నదే అసలు సంగతి. అరెస్టయినవాడి ఫోన్ చూడాలన్నా వారెంటు కావాలని అమెరికా సుప్రీంకోర్టు 2014లో ఏకగ్రీవంగా చెప్పడానికి కారణం ఇదే. జేబులో దొరికే మిగతా వస్తువుల్లా కాదది, అందులో ఆ మనిషి జీవితమంతా ఉంటుంది. దొంగతనం కేసులో తెరిచిన ఫోన్‌లో అతని భార్య వైద్య నివేదికలు, స్నేహితుల రాజకీయ చర్చలు కూడా ఉంటాయి. వాళ్ల మీద ఏ వారెంటూ లేదు.

తీగలపని

నిశిత గారు చెప్పినదానికి సాంకేతికంగా ఒక చిక్కుంది. ఫోరెన్సిక్ పరికరాలు చాలావరకు ముందు ఫోన్‌లో ఉన్నదంతా నకలు తీస్తాయి, ఆ తర్వాతే అందులో వెతుకుతాయి. కాబట్టి ఇంతే తీయండి అని రాసిన ఉత్తర్వు కాగితం మీదే మిగిలిపోతుంది. ఆ నకలు ఎవరు తెరిచారు, ఏ పదంతో వెతికారు, ఏ తేదీల మధ్య చూశారు అన్నది చెరపడానికి వీల్లేని చిట్టాలో నమోదై, నిందితుడి వకీలుకు అందాలి. కేసు ముగిశాక నకలు ధ్వంసమైనట్టు కోర్టుకు ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవి ఈ రోజే చేయగల పనులు, వీటికి ఎవరి ఎన్‌క్రిప్షన్‌నూ ముట్టుకోనక్కరలేదు.

దర్యాప్తుదారు

చిట్టా పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు, నిజాయితీగా పనిచేసే అధికారికి అదే రక్షణ కూడా. నేను జోడించేది ఒక్కటే. ప్రతి జిల్లాలో ఆ పని తెలిసినవారు ఉండాలి, వాళ్ల ప్రయోగశాల పోలీసుశాఖ అధీనంలో కాకుండా విడిగా ఉండాలి. ఫోన్ ఇచ్చి నెలల తరబడి ఎదురుచూసే స్థితిలో దర్యాప్తు అధికారికి అడ్డదారులు తొక్కాలన్న ఆశ పుడుతుంది.

బాలరక్ష

మీరంతా దాదాపు ఒక ఒప్పందానికి వచ్చినట్టున్నారు, నేను రాలేదు. ఫోన్ బల్ల మీదకు రావాలంటే ముందు ఎవరో ఒకరు నేరాన్ని కనిపెట్టాలి. మిగతా నేరాల్లో బాధితుడు ఫిర్యాదు చేస్తాడు, నాలుగేళ్ల పిల్ల చేయలేదు. సంస్థలు లోపలి మాట చూడకుండానే చేయగలిగినవి కొన్ని ఉన్నాయని నాకు తెలుసు. ముక్కూమొహం తెలియని పిల్లలకు వరసగా సందేశాలు పంపే పెద్దవారి ఖాతాలను ఆ పోకడను బట్టి ఆపవచ్చు, పిల్లలు ఒక్క మీటతో ఫిర్యాదు చేసే ఏర్పాటు పెట్టవచ్చు, ఆ ఫిర్యాదును మనిషి చదివేలా చూడవచ్చు. కనీసం వీటిని సంస్థల దయకు వదలకుండా చట్టబద్ధమైన బాధ్యతగా చేయడానికి ఇక్కడున్నవారు ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే, తనిఖీ మీద మన తగాదాను మరోసారి కొనసాగిద్దాం.

తీగలపని

మొదటిదానికి మెటాడేటా కావాలి, దాన్ని ఎక్కువ రోజులు నిలవ ఉంచకూడదన్న షరతుతో ఒప్పుకుంటాను. మిగతా రెండింటికీ ఏ షరతూ లేదు.

వకాల్తా

నాదీ అదే అభిప్రాయం. పొరపాటున ఆగిపోయిన ఖాతాదారు నిర్ణీత గడువులోగా అప్పీలు చేసుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉండాలి. ముసాయిదాలో సంస్థల బాధ్యత, అప్పీలు హక్కు అనే ఆ రెండు క్లాజులు ఎలా ఉండాలో నేను రాసి ఇక్కడ ఉంచుతాను, బాలరక్ష గారు సరిదిద్దండి.